మునిగిన ఓడపై మొలిచిన పగడపు తోట

కటకములో మహానది తీరమున ప్రతి సంవత్సరము కార్తిక పూర్ణిమనాడు బాలియాత్ర యను ఉత్సవము ప్రారంభమగును. పూర్వము కళింగదేశపు నావికులు తూర్పు సముద్రమును దాటి బాలి మొదలైన ద్వీపములకు వర్తకమునకై పోయినదానికి అది జ్ఞాపకము. ఆ నాటి వేకువను చిన్న పడవలు చేసి, వానిలో దీపము పెట్టి నీట విడుచుట ఒడిశాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములవారికి క్రొత్త కాదు. ఆ బాలి ద్వీపపు ఈశాన్య తీరమున తులంబెన్ అను పల్లె కలదు. ఆ పల్లె యొడ్డుననే, కొలది గజముల దూరములో, ఒక పెద్ద ఓడ నీటిలో పండుకొని యున్నది. దాని యినుము కనబడనంతగా పగడములు దానిని కప్పివేసినవి. లోకము నలుమూలలనుండి జనులు వచ్చి, వీపున గాలిసీసా కట్టుకొని, నీటిలోనికి దిగి దానిని చూచి పోవుచున్నారు. ఆ ఓడను గూర్చియు, దానిని చూచు విధమును గూర్చియు ఈ పాఠము.

ఈ పాఠమును విద్యార్థులకు గాక తల్లిదండ్రులకు వ్రాయుటకు కారణము కలదు. “నీటి అడుగున మనిషి ఎట్లు ఊపిరి పీల్చును?” అని పిల్లవాడు ఇంటివద్ద అడిగినప్పుడు, “అది ఇంగ్లీషు పుస్తకములో చూచుకొనుము” అని మనలో పెక్కుమంది చెప్పి తప్పించుకొందుము. ఆ ఒక్క మాటతో, తెలుగు వంటయింటికి, పండుగలకు చాలును గాని శాస్త్రమునకు చాలదని పిల్లవానికి మనమే నేర్పినవారమగుదుము. పరరాష్ట్రమున ఉండి మన భాషలో బడి నడుపుకొనుచున్న మనకు ఇది చిన్న నష్టము కాదు. కావున ఒక పాఠమును ఆద్యంతము తెలుగులో చెప్పి చూతమని మా యుద్దేశము. దీనిని చదివి, పుస్తకపు మాటలతో గాక మీ యింటి మాటలతో మీ బిడ్డలకు చెప్పవలెనని కోరుచున్నాము.

ఓడ కథ

ఈ ఓడ పేరు లిబర్టీ. అమెరికా దేశమున న్యూజెర్సీ రాష్ట్రములోని కర్నీ అను చోట 1918లో దీనిని కట్టిరి. పొడవు సుమారు 125 మీటర్లు. అనగా మన పిల్లలు పరుగుపందెములో పరుగెత్తు నూరు మీటర్ల బాటకంటె పెద్దది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఇది అమెరికా సైన్యమునకు సామానులు మోయుచుండెను. 1942 జనవరి 11వ తేదీని, రబ్బరు, రైలుమార్గపు పరికరములు ఎత్తుకొని పోవుచుండగా, లంబోక్ జలసంధి సమీపమున జపానువారి జలాంతర్గామి దీనిని టార్పెడోతో కొట్టెను. ఓడ వెంటనే మునిగిపోలేదు. అమెరికావారి యుద్ధనౌక యొకటి, డచ్చివారి యుద్ధనౌక యొకటి దీనిని బాలి ఉత్తరతీరమందలి సింగరాజా రేవునకు లాగికొని పోవ ప్రయత్నించినవి. దారిలో నీరు మిక్కుటముగా చేరుటచే రేవు చేరు ఆశ లేకపోయెను. అప్పుడు తులంబెన్ ఒడ్డునకు ఎక్కించి విడిచిపెట్టిరి.

ఇరువది యొక్క సంవత్సరములు లిబర్టీ ఆ ఒడ్డుననే తుప్పు పట్టుచు పడియుండెను. పనికివచ్చు సామానును జనులు విప్పి తీసికొనిపోయిరి. తరువాత 1963లో, మూడువేల మీటర్ల యెత్తును మించిన అగుంగ్ అగ్నిపర్వతము బ్రద్దలయ్యెను. బాలివాసులకు అది పరమపవిత్రమైన కొండ. ఆ విపత్తులో వేయిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఆ కంపములకే ఒడ్డుననున్న ఓడ కదలి, నీటిలోనికి జారి, ఏటవాలుగానున్న ఇసుకపై ప్రక్కకు ఒరిగి నిలిచెను. నేడు దాని పైభాగము సుమారు 5 మీటర్ల లోతునను, అడుగుభాగము సుమారు 30 మీటర్ల లోతునను ఉన్నది. ఇంత పెద్ద ఓడ, ఇంత ఒడ్డునకు సమీపముగ, ఇంత తక్కువ లోతున దొరకుట అరుదు. చూడవచ్చినవారు పడవ ఎక్కవలసిన పని లేదు. ఒడ్డుననుండి నడచియే నీటిలోనికి దిగుదురు. పదునైదు కిలోలకు మించిన గాలిసీసాలను ఆ యూరి స్త్రీలు తలపై నెత్తుకొని, కాలు జారు నల్లని గుండ్రాళ్ళపై నడచి, దిగువారికి చేర్చుదురు.

బొప్పాయికాడ యేల చాలదు?

దుర్యోధనుడు జలస్తంభనవిద్యచే మడుగులో దాగెనని భారతకథలో వినియున్నాము. ఆ విద్య మనకు లేదు. మన పిల్లలు చెరువులో బొప్పాయికాడను నోట పెట్టుకొని, దాని కొన నీటిపైకి ఉంచి, తల ముంచి ఊపిరి పీల్చుట కలదు. అంత పొడవైన గొట్టముండిన ఎంత లోతునకైనను పోవచ్చునుగదా యని వారు తలంతురు. ఇది ప్రమాదకరమైన తలంపు. కారణము నీటి బరువు.

మన నెత్తిపైనున్న గాలి అంతయు మనలను నొక్కుచునే యున్నది. దీనిని ఒక వాతావరణపు ఒత్తిడి యందుము. సముద్రజలములో 10 మీటర్లు దిగినచో ఆ నీటి బరువువలన మరియొక వాతావరణపు ఒత్తిడి కలియును. 10 మీటర్ల వద్ద రెండు, 20 మీటర్ల వద్ద మూడు, 30 మీటర్ల వద్ద నాలుగు. ఒక్క మీటరు లోతుననే రొమ్ముపై పడు నీటి ఒత్తిడి గట్టిది. గొట్టమునుండి వచ్చునది ఒడ్డు మీది పలుచని గాలి; రొమ్మును నొక్కునది లోతునీటి ఒత్తిడి. ఆ ఒత్తిడికి ఎదురుగా ఊపిరితిత్తులను విప్పుటకు మన కండలకు బలము చాలదు. కావున లోపలికి పీల్చు గాలి కూడ చుట్టునున్న నీటి ఒత్తిడితో సమానమైన ఒత్తిడి కలిగి యుండవలెను. ఇదియే అసలు సమస్య.

దీనిని ఫ్రాన్సు దేశమున 1943లో జాక్ కూస్తో అను నౌకాదళాధికారియు, ఎమిల్ గాన్యాన్ అను ఇంజనీరును కలిసి పరిష్కరించిరి. సీసాలో గట్టిగా కూరిన గాలిని నోటికి తిన్నగా వదలక, నడుమ ఒక కవాటమును అమర్చిరి. మనిషి ఏ లోతుననున్న ఆ లోతునకు తగిన ఒత్తిడితో, పీల్చినప్పుడు మాత్రమే, ఆ కవాటము గాలి నిచ్చును. దీనిని రెగ్యులేటరు అందురు. స్కూబా యనునది, తనవెంట తానే మోసికొనిపోవు నీటిలోని శ్వాసయంత్రము అను అర్థమిచ్చు ఆంగ్లపదముల మొదటి అక్షరములను కూర్చిన మాట. సీసాలో నుండునది కేవలము ప్రాణవాయువు అని పలువురు భ్రమపడుదురు. సామాన్యముగ దానిలోనిది మనము నిత్యము పీల్చు గాలియే: నూటికి 21 పాళ్ళు ప్రాణవాయువు, తక్కినది చాలవరకు నత్రజని.

ఒక లెక్క

మీ పిల్లలతో ఈ లెక్కను చేయింపుడు. ఒక సీసాలో, సాధారణపు ఒత్తిడికి తెచ్చి కొలిచినచో, 2,200 లీటర్ల గాలి కలదనుకొందము. మనిషి ఒడ్డున నిమిషమునకు 20 లీటర్లు పీల్చుననుకొందము. భద్రతకై నాల్గవవంతు, అనగా 550 లీటర్లు, ముట్టరాదు. మిగిలినది 1,650 లీటర్లు. ఒడ్డున అది 82 నిమిషములు వచ్చును. 10 మీటర్ల లోతున ప్రతి శ్వాసకు రెండింతల గాలి పట్టును గనుక 41 నిమిషములు. 20 మీటర్ల లోతున మూడింతలు గనుక 27 నిమిషములు మాత్రమే. సీసా అదియే, మనిషి అతడే. లోతు మారగా కాలము మారినది. లిబర్టీవంటి తక్కువ లోతుననున్న ఓడను నెమ్మదిగా చూడగలుగుట ఇందువలననే.

ఊపిరి బిగపట్టరాదు

గాలిపై ఒత్తిడి రెట్టింపైన దాని పరిమాణము సగమగును. ఒత్తిడి సగమైన పరిమాణము రెట్టింపగును. ఇది 1662లో రాబర్టు బాయిల్ ప్రకటించిన సూత్రము. మన పిల్లలు దీనిని పరీక్షకై వల్లించుదురు. నీటిలో దిగువానికి ఇది ప్రాణసూత్రము.

తూత్తుకుడి తీరమున శంఖములకు మునుగువారిని గూర్చియు, పూర్వము ముత్యములకు మునిగినవారిని గూర్చియు తమిళనాటనున్న మీరు వినియుందురు. వారు ఒడ్డుగాలిని నిండుగా పీల్చి, ఊపిరి బిగబట్టి మునుగుదురు. లోతునకు పోగా వారి రొమ్ములోని గాలి కుదించుకొనును. పైకి వచ్చునప్పటికి మరల మొదటి పరిమాణమునకే వచ్చును. అధికము కాదు. స్కూబాతో దిగినవాని సంగతి వేరు. అతడు 10 మీటర్ల లోతున ఊపిరితిత్తుల నిండుగా 6 లీటర్ల గాలిని పీల్చి, భయముచే నోరు మూసికొని పైకి వచ్చెననుకొందము. పైన ఆ గాలికి 12 లీటర్ల చోటు కావలెను. ఊపిరితిత్తులకు అంత చోటు లేదు, అవి చిరుగును. ఒకటి రెండు మీటర్లు అట్లు వచ్చినను అపాయము కలుగవచ్చును. ముత్యముల మునుగువానికి ఊపిరి బిగబట్టుట విద్య. స్కూబావానికి అదే మృత్యువు. కావుననే ఈ శిక్షణలో మొదటి సూత్రము: ఊపిరి ఎన్నడును బిగపట్టకుము, పీల్చుచు విడుచుచు నుండుము.

రెండవ సూత్రము: మెల్లగా పైకి రమ్ము. దీనికి గోలీసోడా బుడ్డి మంచి ఉదాహరణము. ఒత్తిడితో కూరినంతవరకు అందులోని వాయువు కనబడదు. గోలీని ఒక్కసారి నొక్కగనే బుసబుస పొంగును. లోతున అధికపు ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నత్రజని మన రక్తములోను కండలలోను కరగును. మెల్లగా వచ్చిన అది ఊపిరితో సుఖముగ బయటికి పోవును. తొందరపడిన శరీరములో బుడగలు కట్టి, కీళ్ళనొప్పులు మొదలు పక్షవాతము వరకు కలిగింపగలదు. కావున నిమిషమునకు 9 మీటర్లకు మించి పైకి రాకుండుటయు, 5 మీటర్ల వద్ద మూడు నిమిషములు ఆగుటయు నేటి పద్ధతి. లిబర్టీ పైభాగము సరిగా ఆ లోతుననే యుండుటచే, ఆగినవారికి ఆ మూడు నిమిషములును పగడములను చూచుటలోనే గడచును.

ఊహలో ఒక మునక

ఇప్పుడు మనము ఊహలో దిగుదము. నీరు గోరువెచ్చన, సాధారణముగ 26 నుండి 29 డిగ్రీలు. దిగిన కొలది క్షణములలోనే చెవిలో నొప్పి. అది నీరు కర్ణభేరిని నొక్కుట. ముక్కు మూసికొని మెల్లగా ఊదినచో లోపలి గాలి సమమై నొప్పి పోవును. జలుబు చేసినవానికి ఇది సాధ్యము కాదు. వాడు ఆ దినము దిగరాదు. మాటలాడుటకు వీలులేదు గనుక చేతి సంజ్ఞలే భాష. బొటనవ్రేలిని చూపుడువ్రేలితో చేర్చి, మన చిన్ముద్రవలె పట్టిన “క్షేమము” అని అర్థము. బొటనవ్రేలిని పైకెత్తిన “భేష్” అని కాదు, “పైకి పోదము” అని. ఒంటరిగా ఎవరును దిగరు. ఇరువురు జతగా నుండి ఒకరి నొకరు కనిపెట్టుకొందురు.

నల్లని అగ్నిపర్వతపు ఇసుక వాలుగా క్రిందికి పోవుచున్నది. ఆ ఇసుకలో తోకలు నాటుకొని, గడ్డిపరకలవలె ఊగుచున్నవి సన్నని పాముచేపలు. మనము చేరగనే బొరియలలోనికి జారిపోవును. ముందు నీలపు మసకలో ఒక గోడ లేచును. అదియే ఓడ. వస్తువులు నీటిలో ఉన్నదానికంటె మూడవవంతు పెద్దవిగా తోచును గనుక అది మరింత భారీగా కనబడును. ఎఱుపు రంగు నీటిలో మొట్టమొదట హరించిపోవును. కావున చాలవరకు బూడిదవన్నెగా కనబడు గోడపై దీపము వేసినంతనే ఎఱుపు, నారింజ వన్నెలు ఒక్కసారి మేల్కొనును. ధ్వని నీటిలో గాలిలోకంటె నాలుగింతలు మించిన వేగముతో పోవుటచే, ఏ వైపునుండి వచ్చినదో చెవులు చెప్పజాలవు. పారచేపలు వందలకొలది గుంపుకట్టి సుడి తిరుగును. నుదుట బుడిపెగల పెద్ద చిలుకచేపలు పగడమును ముక్కులతో కొరికి, నమలి, ఇసుకగా విడుచును.

ఓడ చాలవరకు విరిగి విచ్చుకొని యున్నది. అయినను ప్రత్యేకశిక్షణ లేనివారు దాని లోపలి గదులలోనికి పోరాదు. అక్కడ నెత్తిపై నీరు గాదు, ఇనుము ఉండును. తొందరపడినను తిన్నగా పైకి రాలేరు. దేనిని తాకరాదు. తుప్పు ఇనుము కోయును. రాతివలె పడియుండు రాతిచేప ముల్లు విషము. తాకినవాని కంటె తాకబడిన పగడమునకు కలుగు హాని ఇంకను అధికము.

పగడమునకు కావలసినది

పగడము రాయి కాదు, చెట్టు కాదు. అది జంతువు. గింజంత ప్రాణులు వేలకొలది ఒకచోట చేరి, సముద్రజలమునుండి సున్నమును గ్రహించి, తమ చుట్టు గూళ్ళు కట్టుకొనును. వాని శరీరములో కంటికి కనబడని నాచు నివసించును. ఆ నాచు సూర్యకాంతితో ఆహారము వండి, తనకు ఇల్లిచ్చిన పగడమునకు పెట్టును. వెలుతురు కావలెను గనుకనే ఇట్టి పగడములు తక్కువ లోతున వర్ధిల్లును. గుండ్రని దిమ్మలవంటి పగడములు సంవత్సరమునకు ఒక సెంటిమీటరు మాత్రము పెరుగుట సామాన్యము. కాలితో తన్ని విరుగగొట్టిన ముక్క ఒక తరపు పెరుగుదల కావచ్చును.

పగడపు పిల్లలు మొదట నీటిలో కొట్టుకొనిపోవుచుండును. గట్టి ఆధారము దొరికినచోటనే అంటుకొని స్థిరపడును. తులంబెన్‌లో ఓడ చుట్టునున్నది కదలు ఇసుక. దానిపై నిలుచుటకు వీలులేదు. ఓడ వచ్చి పడుటతో వానికి కావలసిన ఆధారము దొరికెను. అరువది సంవత్సరములకు పైగా ఒకదానిపై ఒకటి చేరి నేటి తోట అయినది.

ఇట్లనుటచే మునిగిన ప్రతి ఓడయు సముద్రమునకు మేలని తలంపరాదు. పసిఫిక్ మహాసముద్రములోని పాల్మైరా దీవివద్ద 1991లో ఒక చేపల ఓడ మునిగెను. దాని చుట్టు ఒక జాతి ప్రాణి విపరీతముగ వ్యాపించి, సహజమైన పగడములను కప్పివేసెను. తుదకు ఆ ఓడను తొలగింపవలసి వచ్చెను. ఏ ఓడ, ఏ నీరు, ఏ నేల అను వివేచన ఎల్లప్పుడును అవసరము.

అంతకంటె పెద్ద ఆపద వేడి. వేసవిలోని గరిష్ఠపు వేడికంటె నీరు ఒక డిగ్రీ యధికమై కొన్ని వారములు నిలిచినచో, పగడము తనలోని నాచును వెళ్ళగొట్టి తెల్లబారును. వేడి త్వరగా తగ్గిన కోలుకొనును. లేనిచో ఆకలితో చచ్చును. ప్రపంచవ్యాప్తముగ పగడములు తెల్లబారుట 1998లోను, 2010లోను, 2014 నుండి 2017 వరకును జరిగెను. నాల్గవది జరుగుచున్నదని 2024 ఏప్రిలులో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

మన తీరములు, మన పిల్లలు

పగడములకై బాలికే పోనక్కరలేదు. తమిళనాట మన్నారు సింధుశాఖలోను, కర్ణాటకమున ముర్డేశ్వరము ఎదుటనున్న నేత్రాణి దీవివద్దను, మహారాష్ట్రమున మాల్వణ తీరమునను పగడములు కలవు. వన్యప్రాణి సంరక్షణ చట్టము (1972) క్రింద వీనికి 2001 నుండి పులికి, ఏనుగునకు గల రక్షణయే కలదు. ఏరుట, అమ్ముట, కొనుట నేరము. విహారయాత్రలో తీరపు అంగడిలో పిల్లవాడు పగడపు ముక్క కావలెనన్నప్పుడు ఈ మాట చెప్పుడు.

శిక్షణసంస్థలు సాధారణముగ పదేండ్లు నిండిన పిల్లలకు, తక్కువ లోతులకు పరిమితము చేసి, స్కూబా నేర్పుదురు. అది అందరికి అందునది కాదు. అందకపోయిన లోటును లేదు. కాని ఈత అట్టిది కాదు. చెరువు, కాలువ, సముద్రము దగ్గరనున్న ప్రతి యింటి బాలుడును బాలికయు ఈత నేర్చియే తీరవలెను. ఒడ్డున కూర్చుండి లోతును గూర్చి చెప్పుటకంటె, పెద్దలు తోడుండి మొలలోతు నీటిలో దింపుట మేలు.

బకెట్టు నీరు, గాజు గ్లాసు, కాగితపు ఉండ ఉన్న ఈ పాఠము ఇంటివద్ద మొదలిడవచ్చును. గ్లాసు అడుగున కాగితమును కూరి, మూతి క్రిందికి చేసి నీటిలో నిట్టనిలువుగా ముంచుడు. కాగితము తడియదు, గాలి చోటు వదలలేదు. అదే గ్లాసును 10 మీటర్ల లోతునకు కొనిపోయిన సగమువరకు నీరెక్కును. ఎందుకో పిల్లవానినే చెప్పనిండు. తడబడినను తెలుగుననే చెప్పనిండు. పగడపు పిల్లకు గట్టి నేల యెట్లో, పిల్లవాని బుద్ధికి ఇంటి మాట అట్లు. దానిపై నిలిచినవాడు తరువాత ఎన్ని భాషలనైనను, ఎంత శాస్త్రమునైనను చేర్చుకొనగలడు.

ఇంటివద్ద అడుగదగిన ప్రశ్నలు

1. ఒడ్డున 8 లీటర్ల గాలి పట్టిన బుడగను 30 మీటర్ల లోతునకు కొనిపోయిన ఎంత యగును? (2 లీటర్లు. ఏల?)

2. శంఖములకు మునుగువాడు ఊపిరి బిగపట్టవచ్చును, స్కూబావాడు బిగపట్టరాదు. భేదమేమి?

3. సోడాబుడ్డికిని, తొందరగా పైకి వచ్చినవాని రక్తమునకును పోలిక యేమి?

4. తులంబెన్ ఇసుకపై నిలువని పగడము ఓడపై ఎట్లు నిలిచినది?

5. ఈ పాఠములో మీ ఇంట వాడుకలో లేని మాటలెన్ని? వానికి మీ అమ్మమ్మ, తాతయ్య వాడు మాట ఏది? వ్రాసి మీ ఉపాధ్యాయులకు ఇండు.